తొంభై మూడు మంచి ఏడాది కాదు

పోర్ట్ వైన్ గురించి పైడిరాజుకు తెలిసినంత మలేసియాలోని క్లాంగ్ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆ మాట అతనే చెప్పుకునేవాడు. కాదనడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా ఆధారం లేదు. అయితే యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో ఆ వైన్‌ని అతను ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్న పాపాన పోలేదు. వైన్ దాకా ఎందుకు, పక్క బల్ల మీద ఎవరైనా బీరు మూత తీస్తే చాలు, పైడిరాజుకు తుమ్ములు మొదలయ్యేవి. పెళ్ళి విందుల్లో అతన్ని పిల్లల బల్ల దగ్గర కూర్చోబెట్టడం చుట్టాలందరికీ అలవాటైపోయింది.

అలాంటివాడికి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఉద్యోగం వల్ల పట్టింది. అతను ఊరి రేవు పోర్ట్ క్లాంగ్‌లో ఓడ సరుకులు విడిపించే ఒక కంపెనీలో గుమాస్తా. ఏళ్ళ కిందట ఒకసారి అతని చేతికి కొన్ని చెక్కపెట్టెల సరుకు వచ్చింది. పెట్టెల మీద పోర్ట్ వైన్ అని ఉంది. క్లాంగ్ మనిషికి పోర్ట్ అంటే తమ పోర్టే. "మన పోర్టులో వైన్ ఎవుడు సేస్తన్నాడు లా?" అని, మాట చివర అక్కడి వాళ్ళ 'లా' తగిలించి పైడిరాజు ఆశ్చర్యపోయాడు. పైగా కొన్ని పెట్టెల మీద సంవత్సరం అచ్చేసి ఉంది, కొన్నింటి మీద లేదు. ఇందులో ఏదో మోసం ఉందని అనుమానించి, అన్నింటి మీదా సంవత్సరం చూపిస్తేగాని కాగితాలు కదిలించనని భీష్మించుకున్నాడు.

దిగుమతి కంపెనీ తరఫున వచ్చిన చీనా పెద్దమనిషి నెత్తి కొట్టుకుని, అతన్ని క్యాంటీన్‌కి తీసుకుపోయి, తే తారిక్ అనే నురగ టీ ఇప్పించి, విషయం విడమరిచి చెప్పాడు. దీన్ని పోర్చుగల్‌లో డోరో అనే నది పక్క కొండల మీద పండే ద్రాక్షతో చేస్తారు. రసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష సారా పోస్తారు. దాంతో పులియడం ఆగిపోతుంది, ద్రాక్ష తీపి తీపిగానే ఉండిపోతుంది. మామూలుగా నాలుగైదేళ్ళ సరుకు కలిపేసి అమ్ముతారు, దాని మీద సంవత్సరం ఉండదు. ఎప్పుడో ఒక ఏడాది పంట అద్భుతంగా వస్తే మాత్రం దాన్ని దేనితోనూ కలపకుండా విడిగా ఉంచి, ఆ సంవత్సరం పేరే పెడతారు. అదే వింటేజ్. పదేళ్ళలో ఏ మూడుసార్లో అలా జరుగుతుంది.

"బాగుందో లేదో ఎవరు తేలుస్తారు? గవర్నమెంటా?" అని పైడిరాజు అడిగాడు.

"చేసినవాళ్ళే," అన్నాడు ఆ పెద్దమనిషి. "పండిన వెంటనే కూడా చెప్పరు. రెండో వసంతం దాకా ఆగి, రుచి చూసి, అప్పుడు డిక్లేర్ చేస్తారు. నచ్చకపోతే నోరు మూసుకుని ఊరుకుంటారు."

ఈ మాట పైడిరాజు గుండెలో సూటిగా దిగబడింది. అతని ఉద్యోగమంతా వ్యాపారులతోనే గడిచింది. మురిగిన ఉల్లిపాయలు తెచ్చినవాడూ, తుప్పు పట్టిన మేకులు తెచ్చినవాడూ, అందరూ తమది మొదటి రకమని ఒట్టేసేవాళ్ళే. అలాంటిది, ఈ ఏడాది మా సరుకు అంత గొప్పగా లేదని తమంతట తాము ఒప్పుకునే వ్యాపారులు భూమ్మీద ఉన్నారా! ఆ తే తారిక్ చల్లారిపోయింది. పైడిరాజు అప్పటినించి మారిపోయాడు.

ఆఫీసుకు వెళ్ళే రైల్లో, వచ్చే రైల్లో ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. చూసింది కడుపులో దాచుకునే మనిషి కాదు. మంగలి షాపులో మెడ కింద గుడ్డ కట్టించుకుని మంచి ఏడాది లక్షణాలు చెప్పేవాడు. "సలికాలంలో బాగా వాన పడాల. ఆ కొండలంతా పలకరాయి, ఆ నీరు లోపలికి దిగాల. పూత మీద వడగళ్ళు పడకూడదు. ఎండ కాయాల గాని మాడిపోకూడదు. కోతకి ముందు ఒక్క జల్లు పడితే అమృతం. కోతలప్పుడు మాత్రం సుక్క పడకూడదు. ఈ లెక్కలో ఒక్కటి తప్పినా ఏడాది పోయినట్టే."

"మనకి రోజూ మధ్యాన్నం వానే కదన్నా, మరి మన ఏడాది ఏ లెక్కలోకి వస్తాదీ?" అని మంగలి అడిగితే, పైడిరాజు ఆ వారమంతా ఆ లెక్క వేసుకుంటూ బాధపడ్డాడు.

అతని భార్య నాగవల్లి ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. లిటిల్ ఇండియా బజారు చీరల కొట్ల వాళ్ళు కూడా ఆమె దగ్గరికే పంపుతారు. మొగుడి పాండిత్యం ఆమెకు కుట్టుమిషను చప్పుడు లాంటిది, చెవులకు అలవాటైపోయింది. ఎప్పుడైనా విసుగొస్తే మాత్రం, "తుమ్ములోడివి, నీకెందుకయ్యా ఈ సారా సదువు?" అనేది. అంతకుమించి వాళ్ళ మధ్య దాని గురించి గొడవ వచ్చింది లేదు, పెళ్ళై ముప్పై ఏళ్ళు నిండిన రోజు దాకా.

ఆ రోజు విందు కూతురు యోగేశ్వరి ఏర్పాటు చేసింది. కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేసే పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని, మాట్లాడాలంటే సగం తమిళం, సగం ఇంగ్లీషు దొర్లుతాయి. అరిటాకు భోజనం పెట్టే ఒక హోటల్ మేడ మీద గది మాట్లాడింది. సుంగై పెటాని నించి నాగవల్లి తమ్ముడు జయకుమార్ కుటుంబంతో కారులో వచ్చాడు. బాగన్ దాతుక్ నించి నాగవల్లి తల్లి కూర్మమ్మను కూడా అతనే ఎక్కించుకుని తెచ్చాడు. కూర్మమ్మకు ఎనభై దాటాయి. చెవులు సగమే పనిచేస్తాయి, నోరు పూర్తిగా పనిచేస్తుంది.

భోజనాలు కాగానే యోగేశ్వరి ఒక పొడుగాటి పెట్టె తండ్రి చేతిలో పెట్టింది. తెరిచి చూస్తే నల్లటి సీసా, దాని మీద 1994. వింటేజ్ పోర్ట్! పైడిరాజుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నానా, మీ వెడ్డింగ్ ఇయర్‌దే కావాలని అన్ని కడైలోనూ అడిగినాను," అంది యోగేశ్వరి. "నైన్టీ త్రీ ఎక్కడా నేదంట. ఎందుకనో షాపతను నవ్వినాడు."

సరిగ్గా అప్పుడే జయకుమార్ మైకు పట్టుకున్నాడు. అతనికి మైకు దొరికితే వదలడు. "అందరూ ఇటు సూడండి! బావ ఇప్పుడు మాట్లాడతాడు. బావా, తొంభై మూడు గురించి రెండు ముక్కలు సెప్పు!"

జయకుమార్ అడిగింది పెళ్ళి గురించి. పైడిరాజు చేతిలో సీసా ఉంది, మనసంతా సీసాలో ఉంది. మైకు అందుకున్నాడు.

"తొంభై మూడా?" అని నవ్వాడు. "అదో సెత్త ఏడాది లా. ఎవుళూ డిక్లేర్ సెయ్యనేదు."

గదిలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

"మొదట్నించీ ఒకటే వాన. మొత్తం కుళ్ళిపోనాది. అలాటి దాని మీద ఏడాది పేరేసుకోడం సిగ్గుమాలిన పని. దాచుకోడానికి అందులో ఏటీ నేదు. మిగతా ఏడాదుల్లో కలిపీసి ఎలాగోలా వదిలించుకోడమే." అని సీసాను పైకెత్తాడు. "అదే తొంభై నాలుగు సూడండి! దాని ఒంపు, దాని రంగు, దాని తీపి! ముప్పై ఏళ్ళయినా ఇంకా పడుసుగానే ఉంటాది!"

పక్కనే పట్టుచీర కట్టుకుని, మెడలో పూలదండతో నిలబడి ఉన్న నాగవల్లి మొహం చూసి జయకుమార్ భార్య పిల్లల్ని మెల్లగా మెట్ల వైపు తోలుకుపోయింది. జయకుమార్ మైకు లాక్కోవడానికి చెయ్యి చాపాడు. పైడిరాజు ఇవ్వలేదు. తొంభై నాలుగు వసంతంలో పూత పల్చగా రావడం వల్ల కాయ ఎలా చిక్కబడిందో ఇంకా చెప్పాల్సి ఉంది.

మాటలు సరిగ్గా వినపడని కూర్మమ్మ ఒక్కతే ఆనందంగా తలాడిస్తూ, "అల్లుడు బాగా మాట్లాడతాడు," అంది.

ఇంటికి వచ్చాక గాని పైడిరాజుకు పరిస్థితి అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నానన్నది ద్రాక్ష గురించి నాగా!" అని వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తుకున్నాడు. నాగవల్లి అతని వైపు చూడనైనా చూడలేదు. తల్లి వైపు తిరిగి, "అమ్మా, అన్నం బల్ల మీద ఉన్నాదని సెప్పు," అంది.

చుట్టాలు వెళ్ళిపోయినా కూర్మమ్మ ఆ వారం అక్కడే ఉండిపోయింది. మొగుడూ పెళ్ళాల మధ్య రాకపోకలన్నీ ఆమె నోటి మీదుగానే జరిగాయి. సగం చెవులతో విన్నది సగమే చేరేది. "షర్టు ఇస్త్రీ అయిందని సెప్పు" అని నాగవల్లి అంటే, ఆమె అల్లుడి దగ్గరికి వచ్చి "మేస్త్రీ ఎవుడో వచ్చినాడంట బాబూ" అనేది. పైడిరాజు వీధిలోకి వెళ్ళి మేస్త్రీ కోసం వెతుక్కుని వచ్చేవాడు.

సీసాది ఇంకో సమస్య. వింటేజ్ పోర్ట్ చల్లగా, చీకట్లో, పడుకోబెట్టి ఉంచాలి. క్లాంగ్ ఎండలకు ఆ ఇంట్లో చల్లగా ఉండేది ఒక్క పడకగది, అక్కడే ఏసీ ఉంది. పైడిరాజు సీసాను తువ్వాలులో చుట్టి మంచం పక్క పడుకోబెట్టాడు. అది చూసి నాగవల్లి చాప తీసుకుని హాల్లో తల్లి పక్కకు చేరింది. ఏసీ గది పైడిరాజుకూ సీసాకూ మిగిలింది.

మూడో రోజు అతను లిటిల్ ఇండియా నించి మల్లెపూలు తెచ్చి మిషను మీద పెట్టాడు. సాయంత్రం వచ్చి చూస్తే ఆ పూలమాల సీసా మెడకు చుట్టి ఉంది. అతను జయకుమార్‌కి ఫోన్ చేశాడు.

"బావా, ఆ సీసా ఉన్నంతకాలం అక్క నీతో మాట్లాడదు," అన్నాడు జయకుమార్. "తెరిసీయ్. అక్కకి నీ సేత్తో పోసి ఇయ్యి. తాగినాక మనిషి కరుగుతాది."

పైడిరాజుకు మనసు ఒప్పలేదు. ఇంకో పదేళ్ళు ఆగొచ్చు ఆ సీసాతో. కానీ ఇంకో పదేళ్ళు కూర్మమ్మ నోటి మీదుగా కాపురం చెయ్యడం సాధ్యం కాదని కూడా అనిపించింది. ఆదివారం తెరుద్దామని నిర్ణయించుకున్నాడు.

పాత పోర్ట్ తెరవడం అంటే మూత తీసి పోసుకోవడం కాదు. ఇన్నేళ్ళుగా లోపల మడ్డి పేరుకుని ఉంటుంది. రెండు రోజుల ముందే సీసాను నిలబెట్టాలి, మడ్డి అంతా అడుక్కి దిగాలి, ఆ తర్వాత చెయ్యి వణక్కుండా, పైన తేరిన రసం మాత్రమే ఇంకో పాత్రలోకి వంచుకోవాలి. పైడిరాజు శుక్రవారమే సీసాను వంటింటి అలమారలో నిలబెట్టి, ఎవరూ తాకొద్దని కూర్మమ్మ ద్వారా కబురు చేశాడు. శనివారం అలమార ముందు నించి నడిచినప్పుడల్లా మునివేళ్ళ మీద నడిచాడు.

ఆదివారం పొద్దున స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వంటింట్లోకి వెళ్ళేసరికి కూర్మమ్మ రెండు చేతుల్తో సీసా పట్టుకుని, దగ్గు మందు కలిపినట్టు శక్తికొద్దీ కుదుపుతోంది.

"అత్తా!"

"మందంతా అడుక్కి దిగిపోనాది బాబూ," అంది కూర్మమ్మ ఊపుతూనే. "నువ్వు నిలబెట్టి మరిసిపోనావు. కుదిపి తాగాలని డాక్టరమ్మ సెప్తాది కదా. ఇప్పుడు బాగా కలిసినాది, తాగీయండి."

పైడిరాజు వంటింటి నేల మీద చతికిలబడ్డాడు. హాల్లో కుట్టుమిషను ఆగిపోయింది. ఆ తర్వాత ఒక చప్పుడు వచ్చింది. నాగవల్లి జాకెట్ గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

ఇంకో రెండు రోజులు ఆగడానికి పైడిరాజుకు ఓపిక లేకపోయింది. బిరడా తీయబోతే పాత బిరడా కాబట్టి సగం పొడిపొడిగా లోపలే పడింది. "అత్తా, వడకట్టడానికి పల్సటి గుడ్డ కావాలని సెప్పు," అన్నాడు దీనంగా. కూర్మమ్మ నోరు తెరిచేలోపే నాగవల్లి వచ్చి, జాకెట్లకు లోపల వేసే మెత్తటి నూలు గుడ్డ ముక్క అతని ఒళ్ళో పడేసి, స్టీలు చెంబు ముందు పెట్టింది. చెంబు మీద గుడ్డ వాసెన కట్టినట్టు బిగించింది కూడా ఆమే. అతను పోస్తుంటే గుడ్డ మీద ఊదారంగు మడ్డీ బిరడా ముక్కలూ నిలిచిపోయి, ముదురెరుపు రసం చెంబులోకి దిగింది. ఇల్లంతా వాసన నిండింది. పైడిరాజుకు తుమ్ములు పట్టుకున్నాయి. సీసా చేజారకుండా నాగవల్లే పట్టుకోవలసి వచ్చింది.

చిన్న గాజు గ్లాసుల్లో పోసింది. కూర్మమ్మ ఒక్క గుటకలో మింగేసి గ్లాసు మళ్ళీ చాపింది. నాగవల్లి కొంచెం నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా మింగింది.

"బాగున్నాది," అంది. వారం తర్వాత అతనితో నేరుగా అన్న మొదటి మాట.

"ఏటి వాసన వస్తన్నాది? సెప్పు, సెప్పు," అన్నాడు పైడిరాజు తుమ్ముల మధ్య. ఇన్నేళ్ళుగా వీడియోల్లో విన్నవేగాని, తాగిన మనిషిని ఎదురుగా పెట్టుకుని అడగడం అతనికి ఇదే మొదలు.

"ఎండు ద్రాక్షకి మిరియం దంచి, ముదురు బెల్లప్పాకంలో ఏసినట్టున్నాది. ఆకర్న కొంచెం వగరు." ఇంకో గుక్క తాగింది. "అది సర్లే. తొంభై మూడు బాగునేదని అందరి ముందూ ఎందుకన్నావు?"

"నానన్నది ద్రా..."

"ద్రాక్ష సంగతి ఒగ్గీయ్. నీకా ఏడాది గుర్తున్నాదా నేదా? అది సెప్పు."

పైడిరాజు ముక్కు తుడుచుకున్నాడు. గుర్తు లేకపోవడమేమిటి. బాగన్ దాతుక్‌లో పెళ్ళికి పొద్దున్నించీ కుండపోత వాన. పెళ్ళికొడుకు వ్యాను తోట దారిలో బురదలో దిగబడితే, కొబ్బరికాయల లారీ ఎక్కి, తడిసి ముద్దై పందిట్లోకి వచ్చాడు. ఆ తర్వాత క్లాంగ్‌లో ఒక మోటారు షెడ్డు మీద ఒంటిగది కాపురం. కింద పొద్దస్తమానం సుత్తి దెబ్బలు. అతను పోర్టులో రెండు షిఫ్టులు. ఇంటికి వచ్చి నోరు తెరిస్తే పోట్లాట. నాలుగు నెలలు తిరక్కుండానే నాగవల్లి పెట్టె సర్దుకుని తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మకు కొబ్బరి ఎండబెట్టే పనికి సాయం వెళ్ళిందని చుట్టాలకు చెప్పారు. ముప్పై ఏళ్ళుగా అదే చెబుతున్నారు. వాళ్ళిద్దరి మధ్య కూడా ఆ మాట మళ్ళీ రాలేదు.

"బాగునేదు నాగా," అన్నాడు మెల్లగా. "ఆ ఏడాది నిజంగానే బాగునేదు. నువ్వు ఎల్లిపోనాక నాను గిన్నెలన్నీ మాడ్సీసినాను. మరిసిపోతానేటి?"

నాగవల్లి గ్లాసు కింద పెట్టింది. "నువ్వు మైకులో అంటంటే నా గుండె గుబేలుమన్నాది. ఇన్నేళ్ళకి ఇప్పుడు బయటెట్టీసినాడు, జయకుమార్ పెళ్ళాం ముందు పరువు పోనాదనుకున్నాను. తీరా సూస్తే ద్రాక్ష అంటావు. అప్పుడు ఇంకా కోపమొచ్చినాది. అంటే ఈ మనిషికి నా సంగతి బుర్రలోనే నేదు కావాల అని."

"ఉన్నాది," అన్నాడు పైడిరాజు. ఇంకేదో అనబోయాడు, తుమ్మొచ్చింది.

కూర్మమ్మకు రెండో గ్లాసుతో చెవులు కొంచెం తెరుచుకున్నట్టున్నాయి. "ప్రతి ఆదివారం మోటారుసైకిలేసుకుని అంత దూరం వచ్చి అరుగు మీద కూకునీవోడు," అంది అల్లుణ్ణి చూపిస్తూ. "మాట నేదు, పలుకు నేదు. వచ్చినోడు అల్లుడు కదా, వచ్చినప్పుడల్లా కోడిని కొయ్యాల. మూడు పెట్టలు మిగిలినాయి. అప్పుడు ఇంక లాభం నేదని నిన్ను పంపీసినాను."

నాగవల్లి తల్లి వైపు తెల్లబోయి చూసింది. "నువ్వు నాకు బుద్ధి సెప్పి, ఏడిసి, కాపరానికి పంపినావు కదే!"

"ఏడిసినాను. గుడ్లెట్టే పెట్టలమ్మా అవి."

పైడిరాజు తుమ్ముతూ నవ్వాడో, నవ్వుతూ తుమ్మాడో తెలియలేదు. నాగవల్లి చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఇంకో అర గ్లాసు ఒంపుకుంది. మాట తేలికపడ్డందుకు ధైర్యం వచ్చి అతను, "అందుకే తొంభై నాలుగు మాత్రం..." అని మొదలుపెట్టాడు.

"నోర్ముయ్. తొంభై నాలుగు సగం నాకు వాంతుల్తోనే పోనాది. నీ కూతురు కడుపులో పడి నీళ్ళు కూడా తాగనియ్యనేదు. ఆ ద్రాక్షోళ్ళు సేస్తే సెయ్యనీ, నాను మాత్రం ఆ ఏడాది డిక్లేర్ సెయ్యను."

"మరి ఏ ఏడాది సేస్తావు?"

ఆమె వేళ్ళు మడుస్తూ ఏడాదులు లెక్కపెట్టింది. ఇల్లు కొన్న ఏడాది అని అతనంటే, అప్పుడు అతని తల్లి మంచాన పడిందని కొట్టిపారేసింది. యోగేశ్వరి చదువు పూర్తైన ఏడాది అంటే, అప్పుడు తన చెయ్యి విరిగి మిషను మూలపడిందంది. చివరికి, ఊరంతా తలుపులు మూసుకుని ఇళ్ళల్లో కూర్చున్న కరోనా ఏడాది పేరు చెప్పింది. ఆ నెలల్లో పైడిరాజు ఇంట్లోనే ఉండి, ఏమీ తోచక ఆమె పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టాడు.

"లోకమంతా ఏడ్సిన ఏడాది కదే అది!"

"అవును. అదే. నాను డిక్లేర్ సేసీసినాను." అని చెంబు అటు జరిపి, "ఉల్లిపాయలు తరుగు, పులుసు పెట్టాల," అంది.

తెరిచిన వింటేజ్ ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి, లేకపోతే రుచి పోతుంది. ఆ బాధ్యత తల్లీకూతుళ్ళు తీసుకున్నారు. కూర్మమ్మ బాగన్ దాతుక్ వెళ్ళేటప్పుడు ఖాళీ సీసా అడిగి పట్టుకుపోయింది, కొబ్బరినూనె పోసుకోవడానికి.

పైడిరాజు ప్రసంగాలు ఆగలేదు గాని, వాటి పద్ధతి మారింది. మొన్న తెలుగు సంఘం వాళ్ళు విందులో మాట్లాడమని పిలిస్తే భార్యాభర్తలిద్దరూ వెళ్ళారు. అతను కొండలూ, వానలూ, పలకరాయీ, డిక్లేర్ చెయ్యడం అంతా చెప్పాడు. చివర్న ఒక రిటైర్డ్ టీచరు లేచి, "అన్నీ సెప్పినారు గాని, రుచి ఎలాగుంటాదో సెప్పలేదేటండీ?" అన్నాడు. పైడిరాజు మైకు తెచ్చి ముందు వరసలో కూర్చున్న నాగవల్లి చేతికిచ్చి, తను వెళ్ళి గ్లాసులకు దూరంగా, తుమ్ములు రాని కిటికీ పక్కన నిలబడ్డాడు. ఆమె మొదలుపెట్టింది. జయకుమార్‌కి అక్క అనిపించుకుంది, మైకు దొరికాక ఇంక వదల్లేదు.